జైలు నర్సుకు తెలియాల్సింది

జైలు ఆస్పత్రిలో మాత్రలు పంచి, కట్లు కట్టడం వస్తే నర్సుకు చాలనే అభిప్రాయం ఎంత పాతదో అంత తప్పు. అక్కడ రోగి పక్కన అటెండెంట్ ఉండడు, పాత చీటీలు ఉండవు, రాత్రి ఆయాసమొచ్చి కేకేస్తే ముందు పలికేది వార్డరు. చాలాసార్లు జబ్బును పట్టాల్సింది నర్సే.

కొత్త ఖైదీకి వచ్చిన వెంటనే వైద్య పరీక్ష జరగాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెప్పింది. గేటు దగ్గర వార్డరు జేబులు తడుముతాడు; ఒంట్లో దాగినదాన్ని వెతకడం నర్సు పని. క్షయ, షుగరు, గర్భం, ఆత్మహత్య ఆలోచన అన్నీ అడుగుతారు గానీ తాగుడు దగ్గర తరచూ పొరపాటు జరుగుతుంది. రోజూ బాగా తాగేవాడికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, ఒంటిమీద లేని పురుగులు కనిపిస్తాయి. బారక్‌లో దాన్ని నాటకమంటారు, లేదా గాలి సోకిందని విబూది పెడతారు. విబూదికి ఫిట్స్ ఆగవు. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

అందుకే ‘తాగుతావా?’ అంటే సరిపోదు. ఎంత, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎప్పుడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడగాలి. తెలంగాణలో కల్లు సంగతి విడిగా అడగాలి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపాం ఆగినా ఫిట్స్ వస్తాయి. కల్లును తాగుడు కింద లెక్కెయ్యనివాడు లేదనే జవాబిస్తాడు. మద్యం ఆగినప్పుడు కనిపించే వణుకు, చెమట, ఆందోళన వంటి 10 లక్షణాలకు మార్కులు వేసే కొలమానం ఒకటుంది. నేర్చుకోవడం తేలికే, రాత్రి డ్యూటీలోనూ కొన్ని గంటలకోసారి మళ్లీ వేయడమే కష్టం.

ఈ నైపుణ్యం నిలవాలంటే నర్సు మాటకు విలువుండాలి. వైద్య నిర్ణయాన్ని వైద్య సిబ్బందే తీసుకోవాలని, జైలు అధికారులు కాదనరాదని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు అంటున్నాయి. ఇంగ్లండ్ అయితే 2006 నాటికే జైలు వైద్యాన్ని జాతీయ ఆరోగ్య సేవకు అప్పగించింది. మన జైలు నర్సులకు జిల్లా ఆస్పత్రి వార్డుల్లో వంతులవారీ డ్యూటీ, మానసిక వైద్యంలో శిక్షణ, జైల్లో జరిగిన ప్రతి మరణంపై సమీక్ష కూడా అవసరమే.

విడుదల రోజు పనీ నర్సుదే. బెయిలు ఏ సాయంత్రమో హఠాత్తుగా వస్తుంది. క్షయ మందులు, చీటీ, దగ్గరి ఆరోగ్య కేంద్రం పేరు ముందే సిద్ధంగా లేకపోతే చికిత్స అక్కడితో తెగిపోతుంది. హెరాయిన్ అలవాటున్నవాడికి లోపల ఉన్నన్నాళ్లలో తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత మోతాదే ప్రాణం తీయవచ్చు. ఆ మాట గేటు దాటకముందే చెప్పాలి.