ఎర్రరాతి ఊళ్లో రెండు రోజులు

ఫ్రాన్స్ అంటే మన పిల్లలకు ఈఫిల్ టవర్, డిస్నీలాండ్. ఈ వేసవి సెలవుల్లో మాత్రం కారు టనెల్ దాటించి, పారిస్‌లో ఆగకుండా దక్షిణంగా కొరెజ్ జిల్లాకు పోనిచ్చాము. బ్రీవ్ పట్టణానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కొలోంజ్ లా రూజ్ అనే ఊరుంది. జనాభా దాదాపు 500.

కారు ఊరి బయటే ఆపి నడవాలి. సందు మలుపు తిరగగానే మా అమ్మాయి "నాన్నా, ఊరంతా ఇటుకలతోనే కట్టారా?" అంది. ఇటుక కాదమ్మా, రాయి! ఇనుము కలిసిన ఇసుకరాయి. ఇళ్లు, ప్రహరీలు, చర్చి అన్నీ కుంకుమ రంగే. పూర్వం ఇక్కడ ట్యూరెన్ ప్రభువుల ఏలుబడి. వారి దగ్గర కొలువు చేసినవారు కట్టుకున్న బురుజుల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చర్చిలో ఒకప్పుడు ఒకే కప్పు కింద ఒక పక్క కాథలిక్కులు, మరో పక్క ప్రొటెస్టెంట్లు ప్రార్థన చేసుకునేవారట.

మా ఆవిడకు నచ్చింది సంత సావిడి. అందులో ఊరందరికీ కలిపి ఒకే రొట్టెల పొయ్యి. ఏడాదికోసారి రొట్టెల పండుగకు దాన్ని ఇంకా వెలిగిస్తారు. అక్రోటు నూనె వాసన చూస్తే నాకు మా ఊరి గానుగ గుర్తొచ్చింది. (శాకాహారులు పులిహోర వెంట తీసుకెళ్లడం మంచిది!)

మధ్యాహ్నం టూరిస్టుల రద్దీ, బొమ్మల దుకాణాలు కాస్త విసిగించాయి. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఊరు ఊరిలా అనిపించింది. అప్పుడే మేము దిగిన ఇంటావిడ అసలు కథ చెప్పింది. ఒకప్పుడు జనం వలసపోయి ఊరు పాడుబడితే, ఇళ్లు పడగొట్టి రాళ్లు అమ్ముకున్నారట! తర్వాత ఊరిమీద ప్రేమ ఉన్నవాళ్లు పూనుకున్నారు. 1942లో ఊరికి ప్రభుత్వ రక్షణ వచ్చింది. 1982లో ఇక్కడి మేయరు షార్ల్ సేరాక్ 66 ఊళ్లను కూడగట్టి 'ఫ్రాన్స్‌లోకెల్లా అందమైన పల్లెలు' అనే సంఘం పెట్టారు. జనాభా 2000 దాటకూడదు, రక్షిత కట్టడాలో ప్రదేశాలో కనీసం రెండుండాలి. ఇప్పుడు దాదాపు 180 ఊళ్లున్నాయి.

ఈ మేయరుగారి అన్నగారే ఫాదర్ పియేర్ సేరాక్. పక్కనున్న మేసాక్‌లో పుట్టి, 1937లో మన దేశానికి వచ్చి, తమిళనాట పేదల మధ్య జీవితంలో ఎక్కువ భాగం గడిపి, 2012లో చెన్నైలో కన్నుమూశారు.

రాళ్లు అమ్ముకున్న సంగతి విన్నాక మా అమ్మాయి "తాతయ్యగారి ఇంటి స్తంభాలు కూడా అమ్మేశాం కదా నాన్నా?" అంది. నిజమే. మా మండువా ఇల్లు పడగొట్టి, టేకు స్తంభాలు, తలుపులు పాత కలప వ్యాపారికి ఇచ్చేశాం. ఆ బేరం ఫోన్లో కుదిర్చింది నేనే.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను. వీధి గుమ్మం ఒక్కటి ఇంకా పశువుల పాకలో పడి ఉందట. ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను.