పలుచని కథ, చిక్కని కథ

మనోచికిత్స పుట్టిననాటి నుంచీ రోగి చెప్పుకునే కథ దానికి ముడిసరుకుగానే ఉంది. 1880-82 మధ్య వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడి వద్ద చికిత్స పొంది, వైద్యచరిత్రలో అన్నా ఓ. అనే మారుపేరుతో మిగిలిన యువతి, మనసులోది చెప్పుకున్నప్పుడు కొంత తెరిపిన పడటం గమనించి, ఆ పద్ధతిని 'మాటల వైద్యం' అని తానే పిలిచింది. ఆమె వృత్తాంతంతో బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి 1895లో హిస్టీరియాపై గ్రంథం వెలువరించినప్పుడు, తాను రాసిన రోగుల చరిత్రలు కథానికల్లా ఉండటం ఫ్రాయిడ్‌కే వింతగా తోచింది. అయితే ఆనాటి పద్ధతిలో కథ రోగిది, దాని అర్థం చెప్పే అధికారం వైద్యుడిది. ఈ అధికారాన్ని కథ చెప్పుకునే మనిషికే తిరిగి అప్పగించాలని పూనుకున్నవారు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్స్టన్. 1980లలో వీరు రూపొందించి, 1990 నాటి తమ గ్రంథంలో వివరించిన పద్ధతినే నారేటివ్ థెరపీ, అంటే కథన చికిత్స, అంటున్నారు.

దీని మూలసూత్రం అర్థం చేసుకోవడం కష్టం కాదు. నలభై ఏళ్లు బతికిన మనిషి జీవితంలో లెక్కలేనన్ని సంఘటనలు ఉన్నా, అతడు తన గురించి తాను చెప్పుకునే కథలోకి వాటిలో కొన్నే వస్తాయి. తప్పిన పరీక్ష, చెడిన వ్యాపారం, తండ్రి అన్న మాట ఒకే దారాన గుచ్చుకుని 'నేను పనికిరానివాణ్ణి' అన్న దండ తయారవుతుంది, ఆ దారానికి ఎక్కని రోజులన్నీ జరగనట్టే మరుగున పడిపోతాయి. ఇటువంటి కథను ఈ చికిత్సకులు పలుచని కథ అంటారు. చాలాసార్లు దాన్ని అల్లింది ఆ మనిషి కాదు, ఇల్లు, బడి, కులం, మార్కుల జాబితా అల్లిపెట్టినదాన్ని అతడు తనదనుకుని మోస్తుంటాడు.

ఈ కథను సడలించడానికి వాడే మొదటి సాధనం బాహ్యీకరణ, అంటే సమస్యను మనిషి స్వభావంలో భాగంగా కాక, బయటి నుంచి వచ్చి అతడిని వేధిస్తున్నదానిగా చూసి మాట్లాడటం. ఆంగ్లంలో ఇందుకు ప్రత్యేకంగా వాక్యాలు కూర్చుకోవలసి వచ్చింది గానీ, తెలుగులో ఈ వాక్యనిర్మాణం ఏనాటి నుంచో ఉంది. కోపం వస్తుంది, భయం వేస్తుంది, దిగులు పట్టుకుంటుంది, విసుగు పుడుతుంది. వీటన్నిటిలోనూ కర్త ఆ భావమే, మనిషి దానికి గురైనవాడు మాత్రమే. కానీ అదే తెలుగు ఇంట్లో భయం వేసిన పిల్లవాడు నాలుగు రోజుల్లో పిరికివాడవుతాడు, ఏడుపు ఆగని పిల్ల ఏడుపుగొట్టు అవుతుంది. వాక్యం చెప్పిన నిజాన్ని ముద్దుపేరు లాంటి ఆ బిరుదు చెరిపేస్తుంది.

వైట్ చికిత్స చేసిన ఒక ఆరేళ్ల బాలుడి ఉదంతం ఈ సాధనం పనితీరును బాగా చూపుతుంది. ఆ పిల్లవాడికి దాదాపు రోజూ బట్టల్లోనే విరేచనమయ్యేది. పైగా దాన్ని గోడలకు పూయడం, ఉండలు చేసి బీరువాల వెనక్కి విసరడం అలవాటైంది. వైట్ ఆ సమస్యకు, తెలుగులో 'దొంగ కక్క' అనదగిన, ఒక కొంటె పేరు ఖాయం చేసి, అది ఎవరెవరిని ఏమేం చేస్తోందో పిల్లవాడినీ, అతడి తల్లిదండ్రులనూ అడిగాడు. అది పిల్లవాడిని తోటిపిల్లలకు దూరం చేస్తోంది, తల్లికి తన పెంపకం మీదే అనుమానం కలిగిస్తోంది, తండ్రిని బంధుమిత్రుల ముందు నోరు విప్పనీయడం లేదు. తరువాతి ప్రశ్న అసలైనది: దాని మాట ఎవరైనా ఎప్పుడైనా వినకుండా ఉన్నారా? అది రమ్మన్నా ఆడటానికి వెళ్లని సందర్భాలు పిల్లవాడికి గుర్తొచ్చాయి. కుమిలిపోవలసిన ఒక సమయంలో సంగీతం పెట్టుకుని కూర్చున్న రోజు తల్లికి గుర్తొచ్చింది. అంతవరకూ ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇటువంటి మినహాయింపులను పట్టుకుని, అప్పుడేం చేశారు, ఎలా చేయగలిగారు, అది మీ గురించి ఏం చెబుతుంది అని తవ్వుతూ పోతే కథ చిక్కబడుతుంది. ఇది లేని గొప్పలు కల్పించి ధైర్యం చెప్పడం కానే కాదు. ప్రతి మినహాయింపూ నిజంగా జరిగి ఉండాలి.

బాహ్యీకరణకు ఒక ప్రమాదమూ ఉంది. 'కోపం వచ్చింది, చెయ్యి లేచింది' అని భార్యను కొట్టినవాడు చెప్పే వాక్యంలోనూ కర్త కోపమే, చెయ్యే. కొట్టినవాడు ఎక్కడా కనబడడు. హింస జరిగిన చోట బాధ్యతను ఇలా జారవిడవనీయకుండా, ఆడదాన్ని అదుపులో పెట్టాలన్న నమ్మకం అతడికి ఎక్కడిదో నిలదీయడమే చికిత్సకుడి పని. ఈ మెలకువ లేనివారి చేతిలో ఈ పద్ధతి సాకుల పుట్ట అవుతుంది.

యుద్ధం, హింస, వలస చవిచూసినవారి కోసం జర్మనీలోని కోన్‌స్టంజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాగీ షావర్, ఫ్రాంక్ నాయనర్, థామస్ ఎల్బర్ట్ కథనే ఆధారం చేసుకున్న వేరొక చికిత్సను తీర్చిదిద్దారు. దీనికి నియంత్రిత పరీక్షల బలం వైట్ పద్ధతికి ఉన్నదానికంటే ఎక్కువ. ఘోరాన్ని చూసిన మనసులో వాసన, చప్పుడు, గుండెదడ పచ్చిగా మిగిలి, అది ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్న ఎరుక వాటి నుంచి విడిపోతుంది. అందుకే ఏళ్ల తరువాత టపాకాయ పేలినా ఆ ఘోరం ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లు వణుకుతుంది. పుట్టుక మొదలుకొని వరుసగా, ఘోరం వద్ద ఆగి నిదానంగా చెప్పించడం వల్ల ఆ ముక్కలు తమ కాలానికి, స్థలానికి మళ్లీ అతుక్కుంటాయి. చికిత్సకుడు విన్నది రాసి మరుసటిసారి చదివి వినిపిస్తాడు, చెప్పినవారు దిద్దుతారు, పూర్తయిన జీవితకథను వారి చేతికే ఇస్తారు. చెప్పించడమంటే తొందరపెట్టడం కాదన్నది ఇక్కడ మరువరాదు: ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి వల్ల తరువాతి మానసిక గాయం ఆగడం లేదని పరిశోధనలు తేల్చాయి.

కోన్‌స్టంజ్ పద్ధతిలో జీవితకథ మాటలతో కాక తాడుతో మొదలవుతుంది. నేల మీద పరచిన తాడు పక్కన మనిషి తన మంచి రోజులకు పువ్వులు, ఘోరాలకు రాళ్లు వరుసగా పేర్చుకుంటూ వస్తాడు. నేటి దినం వద్ద ఆగాక, మిగిలిన తాడును విప్పకుండా చుట్టగానే ఉంచుతారు.