నడుము నొప్పికి మంచము మందు కాదు

ఊడ్పులు, కలుపు తీత, కోత, బస్తాల మోత - సేద్యమంతయు నడుము బలము మీద నడచునది. ఎద్దు కుంటినచో రైతు ఆ పూటనే పశువైద్యుని పిలుచును. తన నడుము పట్టినప్పుడు మాత్రము ఎవరేది చెప్పిన అది చేసి పని దినములు పోగొట్టుకొనును.

నా పరిధిలోని ఒక కౌలు రైతుకు, నారు అదనుకు వచ్చిన వారములో, ఎరువు బస్తా ఎత్తుచుండగా నడుము పట్టినది. కదలవద్దని ఎవరో చెప్పగా మూడు వారములు మంచము దిగలేదు. తరువాత పట్టణములో ఒకచోట నడుము లాగించుకొని, కరెంటు పెట్టించుకొని, బెల్టు కొనుక్కొనెను. నారు ముదిరినది, అప్పు పెరిగినది, నడుము మరింత బిగిసినది. చివరకు వేరొక ఫిజియోథెరపిస్టు పరీక్షించి, భయము లేదని ధైర్యము చెప్పి, నడిపించి, కొద్దికొద్దిగా వ్యాయామము నేర్పెను. కోతలనాటికి ఆయన చేనిలో ఉండెను.

సిఫారసులు ఏమనుచున్నవి?

2020లో ప్రపంచమున 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడిరని అంచనా. ఇందు నూటికి సుమారు తొంబది మందిలో ఇదియే కారణమని చూపగల జబ్బు ఏదియు కనిపించదు. కొత్తగా వచ్చిన నొప్పి చాలమందికి కొన్ని వారములలో తగ్గుముఖము పట్టును. అందుచే అందరికిని ఎక్స్‌రే, స్కానింగు అవసరము లేదు.

బ్రిటనులో 2016లోను, అమెరికాలో 2017లోను వెలువడిన వైద్య సిఫారసుల సారమొక్కటే: పడుకొనవద్దు, కదలుచుండవలెను. మూడు నెలలు దాటిన నొప్పికి 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకములు ప్రకటించినది. రోగికి విషయము బోధించుట, వ్యాయామము, మర్దనము వంటివి అందు చేరినవి. నడుము లాగుట, అల్ట్రాసౌండు, నరములకు కరెంటు పెట్టుట, బెల్టులు సాధారణ చికిత్సగా వద్దని చెప్పినది.

తెలియుట వేరు, చేయుట వేరు

ఫిజియోథెరపిస్టులు వీనిని పాటించుచున్నారా? నడుము, మోకాలు మొదలగు నొప్పులకు వారిచ్చు చికిత్సను గూర్చి పలుదేశముల పరిశోధనలను పరిశీలించిన సమీక్ష 2019లో వెలువడినది. ప్రశ్నావళులకు జవాబిచ్చినవారిలో సుమారు సగముమంది మాత్రమే సిఫారసు చేసిన చికిత్సను ఎన్నుకొనుచున్నారని తేలినది.

మా శాఖవారికి ఈ సంగతి వింత కాదు. భూసార పరీక్ష పత్రము చేతనుండియు మరియొక బస్తా యూరియా చల్లు రైతును ప్రతి యేట చూచుచున్నాము. అక్కడను అంతే. అలవాటు, సమయము చాలమి అడ్డుపడును. యంత్రము పెట్టనిదే వైద్యము జరిగినట్లు రోగి తలపడు. కనుక దోషము చికిత్సకునిది మాత్రమే కాదు. అడుగువారు కూడ మారవలెను.

రైతులు చేయవలసినవి

1. నొప్పి తీవ్రముగా నున్న ఒకటి రెండు దినములు విశ్రమించినను, ఇంటిలో అటునిటు నడచుచుండవలెను.

2. ఫిజియోథెరపిస్టును, "నేను ఇంటివద్ద చేయదగిన వ్యాయామమేది? ఏ పని ఎప్పుడు మొదలు పెట్టవచ్చును?" అని అడుగవలెను. యంత్రము పెట్టుమని బలవంతపెట్టరాదు.

3. తేలిక పనితో ఆరంభించి క్రమముగా పెంచవలెను. ఒకడు మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసినది. మన ధాన్యపు బస్తా పలుచోట్ల 75 కిలోలు! దానిని ఇద్దరు పట్టుట మేలు.

4. మూత్రము బిగిసినను, మలమూత్రములు అదుపు తప్పినను, తొడల నడుమ తిమ్మిరి పుట్టినను, కాళ్లలో బలము తగ్గినను ఆనాడే పెద్దాసుపత్రికి పోవలెను. నొప్పితో జ్వరమున్నను, కారణము లేక చిక్కిపోవుచున్నను, చెట్టుపై నుండి పడిన పిమ్మట నొప్పి వచ్చినను, పూర్వము క్యాన్సరు వచ్చియున్నను, వ్యాయామము మొదలిడక ముందే వైద్యునికి చూపవలెను.

గ్రామోద్యోగులు ఊడ్పులకు ముందు జరుగు రైతు సమావేశములలో ఈ నాలుగు మాటలు చదివి వినిపింతురు గాక. అదనులో పోయిన మూడు వారములను ఏ ఎరువును తిరిగి తేజాలదు.