పూత – కాపు: ఆపరేటింగ్ సిస్టమ్‌ల ముందస్తు ప్రచారం, తెలుగు పరిశోధకుని వివేచన

1. ఉపోద్ఘాతం

నూజివీడు మామిడితోటలకు చేరువలోని ఉంగుటూరు ప్రాంతంలో పూత నిండుగా ఉన్నంత మాత్రాన కాపు నిండుగా ఉంటుందని ఏ రైతూ లెక్క కట్టడు. పూతలో అధికభాగం రాలిపోతుంది. నిలిచిన పిందె కూడా గాలివానను తట్టుకోవాలి. రాబోయే ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి విడుదలకు ముందే సాగే ప్రచారాన్నీ ఇదే దృష్టితో చూడవలసి ఉంది. తెలుగు పరిశోధకుడు దానిని ఏ ప్రమాణాలతో అంచనా వేయాలో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రకటనకూ విడుదలకూ నడుమ

మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 అక్టోబరులో ‘లాంగ్‌హార్న్’ అనే సంకేతనామంతో తన తదుపరి విండోస్‌ను డెవలపర్ల సదస్సులో ప్రదర్శించింది. ఫైళ్లను అవి ఉన్న చోటును బట్టి కాక, వాటిలోని సమాచార సంబంధాలను బట్టి వెతికిపెట్టగల ‘విన్‌ఎఫ్‌ఎస్’ అందులో ఒక ప్రధాన ఆకర్షణ. 2004 ఆగస్టులో దానిని ఆ విడుదల నుండి తప్పించారు. 2007 జనవరి 30న ‘విస్టా’ పేరుతో సాధారణ వినియోగదారులకు అందిన వ్యవస్థలో అది లేదు.

2015లో విండోస్ 10 చివరి విండోస్ అని ఆ సంస్థ ఉద్యోగి ఒకరు సదస్సు వేదికపై అన్న మాట విస్తృతంగా ప్రచారమైంది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 విడుదలైంది. చెప్పినవారి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. నిర్మాణంలో ఉన్న వస్తువును గురించిన మాట ఆ నిర్మాణంతోపాటే మారుతుందన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

3. తెలుగు లిపి అనుభవం

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో తెలుగు యూనికోడ్‌కు అవకాశం కల్పించింది. అయితే సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని వినియోగదారుడే సెట్టింగులలో ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోవలసి వచ్చేది. విస్టాతో ఆ అవసరం తప్పింది. ఘనంగా ప్రకటించినది రాకపోయినా, ఇటువంటి చిన్న మార్పు తెలుగువారికి మేలు చేసింది. కనుక ప్రచారం ఎంత ఉందన్నది ప్రయోజనానికి కొలమానం కాదు.

విడుదలతోనే పరీక్ష ముగియదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరపు ఒక ప్రత్యేకమైన కూర్పు సందేశంగా వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ పనిచేయడం మానేసేది. కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం ఆ కూర్పులో ఉంది. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ద్వారా లోపాన్ని సరిదిద్దింది. ప్రయోగదశలు దాటి కోట్లమంది చేతికి చేరిన వ్యవస్థలో మన సంయుక్తాక్షరం ఒకటి పరీక్షకు అందకుండా మిగిలిపోయిందన్నమాట.

4. పాటించదగిన ప్రమాణాలు

కొత్త వ్యవస్థకు మారే ముందు పరిశోధకుడు మూడు అంశాలను స్వయంగా పరీక్షించాలి.

అ) జ్ఞ, క్ష్మ, ర్ధ్వ, స్త్ర్య వంటి సంయుక్తాక్షరాలున్న పుట సక్రమంగా టైపు అవుతున్నదా?
ఆ) యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లలోని పాత ఫైళ్లు తెరుచుకొని చదవడానికి వీలుగా ఉన్నాయా? ఆ ఫాంటు లేని యంత్రంలో అవి అర్థంలేని గుర్తులుగా మారతాయి.
ఇ) పీడీఎఫ్‌గా మార్చిన పాఠంలో పదాన్ని వెతికితే దొరుకుతున్నదా?

5. ముగింపు

సంశయం అంటే తిరస్కారం కాదు. వాడుతున్న వ్యవస్థకు వచ్చే భద్రతా సవరణలను వెంటనే స్వీకరించాలి. ‘జ్ఞా’ లోపం తొలగినది అటువంటి సవరణతోనే. కొత్త సంచికకు మారడం వేరు. సిద్ధాంతగ్రంథం సమర్పణకు సిద్ధమవుతున్న వేళ ఆ మార్పును వాయిదా వేయడం, ప్రతిని వేరొకచోట భద్రపరచడం వివేకం. కొన్నేళ్ల శ్రమ ఒక ప్రకటనపై ఆధారపడరాదు.