ఎక్కడి సముద్రం? ఎక్కడి కంది చేను?

మిరుగం వచ్చింది. తాండూరు దగ్గరి ఊళ్లో ఒక అవ్వ మొగులు చూస్తున్నది. చేను దున్ని ఉంది. కంది విత్తనం ఇంట్లో ఉంది. వాన మాత్రం లేదు.

"ఈ ఏడు ఎల్ నినో అంట అవ్వా! రేడియోల చెప్పిండ్రు" అంది మనవరాలు.

"అదెవరే?" అని అడిగింది అవ్వ.

ఎల్ నినో మనిషి కాదు. సముద్రం వేడెక్కడానికి పెట్టిన పేరు.

పేరు ఎట్లా వచ్చింది?

పసిఫిక్ మహాసముద్రం చాలా పెద్దది. దానికి ఒక ఒడ్డున పెరూ దేశం ఉంది. అటు ఒడ్డున ఇండోనేషియా ఉంది. కొన్ని ఏండ్లకు ఒకసారి క్రిస్మస్ రోజుల్లో పెరూ దగ్గర నీళ్లు బాగా వేడెక్కేవి. చేపలు దొరికేవి కావు. అక్కడి బెస్తవాళ్లు ఆ వేడిని 'ఎల్ నినో' అన్నారు. వాళ్ల భాషలో 'బాల ఏసు' అని అర్థం.

వాన ఎందుకు తగ్గుతుంది?

పొయ్యి మీద ఎసరు పెడితే ఆవిరి లేస్తుంది. పొయ్యి ఎక్కడుంటే ఆవిరి అక్కడే. సముద్రం కూడా అంతే. మామూలు ఏడు గాలులు వేడి నీళ్లను ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ ఆవిరి లేచి మబ్బులు కడతాయి. ఎల్ నినో ఏడు ఆ గాలుల బలం తగ్గుతుంది. వేడి నీళ్లు అమెరికా వైపు జరుగుతాయి. మబ్బులూ అటే పోతాయి. మన నైరుతి గాలులు బలహీనపడతాయి. సముద్రం అర డిగ్రీ ఎక్కువ వేడెక్కి, నెలల తరబడి అట్లే ఉంటే చాలు, అది ఎల్ నినోయే.

నీళ్లు చల్లబడితే దాన్ని 'లా నినా' అంటారు. అప్పుడు మనకు మంచి వానలు పడే అవకాశం ఎక్కువ. అమెరికాలో మాత్రం లా నినా ఏడు ఎండాకాలానికి ముందు దక్షిణ రాష్ట్రాల్లో సుడిగాలుల భయం పెరుగుతుంది.

ప్రతిసారీ కరువేనా?

కాదు. ఎల్ నినో వల్ల 2009లో దేశంలో వాన నూటికి 22 పాళ్లు తగ్గింది. 2015లో 14 పాళ్లు తగ్గింది. 1997లో పెద్ద ఎల్ నినో వచ్చినా దేశంలో వాన సరిపడా పడింది. ఆ ఏడు హిందూ మహాసముద్రం పడమటి భాగం వేడెక్కి మనకు సాయపడింది.

మనం ఏం చేయాలి?

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర మరోసారి వానల సంగతి చెబుతుంది. అది వినాలి. తొలి చినుకుకే విత్తొద్దు. మొలక ఎండితే విత్తనం మళ్లీ కొనాలి. అప్పు పెరుగుతుంది. నేల జానెడు లోతు తడిశాకే విత్తాలి. కంది సాళ్ల మధ్య పెసర వేయాలి. పెసర రెండు నెలలకే చేతికొస్తుంది. కంది వేరు లోతుకు పోయి నల్లరేగడి అడుగున ఉన్న తడిని తాగుతుంది. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి ఆదుకుంటుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంత పేరున్న పంటను అదను చూసి వేసుకోవాలి.

అంతా విని అవ్వ లేచింది.

"అయితే ఇంకో వాన చూద్దాం. అటక మీది పెసర్లు గూడ దించు బిడ్డా!" అంది.