పని లేని దినములు – మనస్సు యొక్క ఆరోగ్యము

పుదుచ్చేరి ప్రాంతమున ఏంబలమను గ్రామము గలదు. అచ్చట అద్దె గదిలో నివసించు ఒక యువకుని మనస్సున ఊహించుకొందము. అతని స్వస్థలము గోదావరి తీరమందలి యానాం. కొన్నియేండ్లు గ్రాఫిక్ డిజైనరుగా పనిచేసి శుభలేఖలు, దుకాణముల బోర్డులు, సరకుల లేబుళ్ళు తీర్చిదిద్దినాడు. ఒకనాడు యజమాని పిలిచి, మరునాటినుండి రానవసరము లేదని చెప్పెను. మూడు నెలలు గడచినవి. ఇప్పుడు ప్రొద్దెక్కినను పక్కమీదనుండి లేవబుద్ధి కాదు. తల్లి ఫోను చేసినచో ఎత్తుటకు జంకు. ఆమె అడుగబోవు మాట అతనికి ముందే తెలియును: "ఏం నాయనా, పని ఏమైనా కుదిరిందా?"

ఇట్టి స్థితి అసమర్థులకే కలుగునని తలచుట పొరపాటు. 1967లో వచ్చిన 'సాక్షి' చిత్రము మొదలుకొని ఈశ్వర్ వంటి కళాకారులు తెలుగు చిత్రములకు పోస్టర్లను చేతితో రూపొందించిరి. పిమ్మట కంప్యూటరు వచ్చి కుంచె పనిని తగ్గించినది. ఫ్లెక్సు ముద్రణ వచ్చి బోర్డులు వ్రాయువారి పనిని హరించినది. 2022 నుండి మాట చెప్పినంతనే బొమ్మ గీయు కృత్రిమ మేధ సాధనములు వ్యాపించినవి. పని యొక్క తీరు మారుట పనివాని దోషము కాదు. ఈ సంగతి గ్రహించినచో సగము భారము తగ్గును.

నిరుద్యోగము జేబును మాత్రమే గాక మనస్సును కూడ పీడించును. ఆస్ట్రియా దేశమున మరియంతాల్ అను గ్రామమందలి బట్టల మిల్లు మూతపడగా, మరీ యహోదా మొదలగు పరిశోధకులు అచ్చటి కుటుంబములను పరిశీలించి 1933లో ఒక గ్రంథము ప్రకటించిరి. ఆ ఊరివారికి తీరిక పెరిగినది గాని, గ్రంథాలయమునుండి పుస్తకములు తీసికొనుట తగ్గినది. వీధిలో పురుషుల నడక సైతము మందగించినది. ఉద్యోగము జీతముతోపాటు దినమునకొక క్రమమును, నలుగురితో సాంగత్యమును, సంఘమున ఒక స్థానమును ఇచ్చునని యహోదా తరువాత వివరించెను. కావున ఉద్యోగము పోయినవాడు జీతమునకై ప్రయత్నించుచునే, ఈ తక్కినవానిని తానే సమకూర్చుకొనవలెను.

ఇందుకు మార్గములు కష్టమైనవి కావు. నియమిత సమయమున లేచి, స్నానము చేసి, కొంతదూరము నడువవలెను. ఉద్యోగ ప్రయత్నమునకు పూట కొంతకాలము కేటాయించి, అది ముగిసిన పిమ్మట ఆ చింతను కట్టిపెట్టవలెను. దినమునకొకరితోనైనను ముఖాముఖి మాటలాడవలెను. మద్యము దుఃఖమును మరపించునట్లు తోచును గాని, నిద్రను చెరచి దిగులును పెంచును. చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు చాలునో కాగితముపై లెక్క వ్రాసికొన్నచో, భయమునకు ఒక హద్దు ఏర్పడును.

ఉద్యోగమును వెదకుటయందును క్రమము అవసరము. చేసిన పనులన్నియు కుప్పగా చూపుటకంటె, పది మేలైన పనులను ఏరి, ప్రతిదానికి ఉద్దేశమేమో రెండు వాక్యములలో వ్రాయుట మంచిది. తెలుగు వత్తులను, తమిళ లిపిని చదివి తప్పులు లేకుండ పేర్చగలవాడు యంత్రము చేసిన పొరపాటును పట్టుకొనగలడు. ఇది యానాం బిడ్డకు గల ప్రత్యేక బలము. ముద్రణాలయములు, పాఠశాలలు, ఔషధ సంస్థలు సైతము ఇట్టివారిని కోరవచ్చును. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ నందు పేరు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. ఉద్యోగ మిప్పింతుమని ముందుగా సొమ్మడుగువారిని నమ్మరాదు. పరీక్ష పేరిట పూర్తి పనిని ఉచితముగా చేయించుకొనువారికి మర్యాదగా కాదనవలెను. చిల్లర పనులు ఒప్పుకొన్నప్పుడు కొంత సొమ్ము ముందుగా పుచ్చుకొనుట ఉచితము.

కుటుంబమువారికి ఒక మాట. పని సంగతి ప్రతిదినము అడుగుట ప్రేమయే యైనను, వినువానికది నేరారోపణవలె తోచును. "భోంచేశావా? ఇవాళ ఏం చేశావు?" అని అడుగుట మేలు. ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చుట మానవలెను.

దిగులు రెండు వారములకు మించి నిలిచినను, నిద్రాహారములు చెడినను, ఇష్టమైన పనులపై ఆసక్తి నశించినను అది సోమరితనము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి కావచ్చును. బ్రతుకుట వ్యర్థమను తలంపు కలిగినచో ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు; ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. పుదుచ్చేరిలో జిప్మర్ ఆసుపత్రియందు మానసిక వైద్య విభాగము గలదు. జ్వరమునకు వైద్యుని వద్దకు పోవుట ఎట్లు సిగ్గు కాదో, ఇదియు అట్లే.

ఏంబలమందలి ఆ యువకుడు రేపు ఉదయము లేచి, నాలుగడుగులు నడచి వచ్చి, తల్లికి తానే ఫోను చేసి, "ఇంకా కుదరలేదమ్మా, ప్రయత్నం చేస్తున్నాను" అని దాపరికము లేక చెప్పగలిగినచో, ఉద్యోగము దొరకుటకు ముందే అతని ఆరోగ్యము సగము చేకూరినట్లే.