గద్వాల మీదుగా రెండుసార్లు వెళ్లిన నీడ

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం అనగానే గుంటూరు పేరు వస్తుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడ మకాం వేసి, సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూశాడు. అవి వేడెక్కి వెలిగే వాయువులని, అందులో హైడ్రోజన్ ఉందని తేల్చాడు. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. హీలియాన్ని ఆయనే గుంటూరులో కనిపెట్టాడని మనవాళ్లు రాస్తుంటారు గానీ అది అతిశయమే. గ్రహణవేళ పలువురికి కనిపించిన పసుపు గీత సోడియానిది కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండ్‌లో మరో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ గ్రహించాకే కొత్త మూలకం ఆలోచన మొదలైంది. భూమ్మీద అది దొరికింది 1895లో.

ఆ నీడ గుంటూరుకు చేరింది ఇటునుంచే. పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతూ కొద్ది నిమిషాల ముందే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలను చీకటి చేసింది. ఆకాశం మనకు తక్కువేం చేయలేదు, చూసే ఏర్పాటే ఇక్కడ లేదు.

సంస్థానాల కాలంలో వర్ణపటదర్శిని ఎక్కడిదని అడగొచ్చు. న్యాయమే. అయితే 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మళ్లీ ఈ నేల మీదుగానే సాగింది. అప్పటికి నాగర్‌కర్నూల్‌కు వంద కిలోమీటర్లలోపే, జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల 48 అంగుళాల టెలిస్కోపుతో నడుస్తోంది. శాస్త్రవేత్తలు అక్కడ చేరి సూర్యుడి చుట్టూ తెల్లగా పరుచుకునే కరోనాను పరిశీలించారు. బింబం పూర్తిగా మూసుకున్న ఆ రెండు నిమిషాల పైచిలుకులో కరోనాను చూడటానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఉత్త కళ్లు చాలు. అయినా ఆ వేళకు ఎంతోమంది భయంతో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. హైదరాబాద్ వీధులే బోసిపోయాయి.

ఆ భయాన్ని నేను వెక్కిరించను. సూర్యుడు కొంచెం మిగిలి ఉన్నా నేరుగా చూస్తే కంటిపొర కాలుతుంది, నొప్పి కూడా తెలియదు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము కాపాడవు. కానీ గర్భిణి బయటికొస్తే బిడ్డకు మొర్రి వస్తుందన్న మాటకు ఆధారం లేదు. ఇక పళ్లెంలో నీళ్లు పోసి నిలబెట్టే రోకలి సంగతి: అడుగు చదునుగా ఉంటే అది గ్రహణం లేని రోజూ నిలబడుతుంది. కావాలంటే రేపే నిలబెట్టి చూడండి. ఆచారం పాటించాలనుకుంటే పట్టు స్నానం, విడుపు స్నానం చేయండి, ఎవరు వద్దన్నారు? నడుమ తలుపు మాత్రం తెరవండి.

2027 ఆగస్టు 2 సాయంత్రం ఈ జిల్లాల్లో పాక్షిక గ్రహణం కనిపిస్తుంది. అది మొదటి నుంచి చివరిదాకా పాక్షికమే కాబట్టి ఒక్క క్షణం కూడా ఉత్త కళ్లతో చూడకూడదు. బడి పంతుళ్లు ప్రమాణాలున్న గ్రహణం కళ్లద్దాలు ముందే తెప్పించండి. దొరక్కపోతే అట్టకు సూదితో బెజ్జం పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి నిలబడి, బెజ్జంలోంచి వచ్చే వెలుగును తెల్లకాగితం మీద పడనిచ్చి పిల్లలకు చూపించండి.